పట్టేసిన చక్రం మీద సుత్తి ఎత్తకండి: వరాఛా సాంచాల దగ్గర వినిపించే పది తప్పుడు సలహాలు

సూరత్‌లోని వరాఛా పేరు చెబితే అందరికీ వజ్రాలే గుర్తొస్తాయి. మినీ బజార్‌లో రోడ్డు పక్కనే కాగితం పొట్లాలు విప్పి రాళ్ళ బేరాలు సాగించే చోటు అది. అక్కడి నుంచి అశ్వినీకుమార్ రోడ్డు, ఫుల్‌పాడా వైపు నడిస్తే మాత్రం చెవిలో పడేది మరమగ్గాల చప్పుడు. సూరత్ మగ్గాల మీద ఒడియా కార్మికులతో పాటు మన తెలుగువాళ్ళ చేతులు కూడా దశాబ్దాలుగా ఆడుతున్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊళ్ళో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం నడుస్తోందంటే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది.

సిరిసిల్లలో సాంచా అన్నా, సూరత్‌లో లూమ్ అన్నా మరమగ్గమే. వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వచ్చాక పాత సాదా సాంచాలు చాలావరకు కిలోల లెక్కన తుక్కుకు పోయాయి. ఇంకా నడుస్తున్నవాటికి ముసలితనం వచ్చింది. బేరింగు మార్చాలన్నా, షాఫ్టు సరిచేయాలన్నా ముందు దాని మీదున్న చక్రాన్ని ఊడదీయాలి. ఏళ్ళ తరబడి కదలని ఆ చక్రం షాఫ్టును పట్టేసుకుని ఉంటుంది. దానికి తోడు సూరత్ గాలిలో తేమ ఎక్కువ. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. అలాంటి వరదలో నాని, బురద నిండిన యంత్రం సందుల్లో తుప్పు ఎంత లోతుకు దిగుతుందో చెప్పనక్కర్లేదు.

చక్రం పట్టేసిందనగానే చుట్టూ పదిమంది చేరతారు, పది సలహాలు ఇస్తారు. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. వాటిలో సగం పాటిస్తే చక్రం పగులుతుంది, మిగతా సగం పాటిస్తే మనిషికి దెబ్బ తగులుతుంది. ఖాతాల్లో, అంటే మగ్గాల షెడ్లలో, తరచూ వినిపించే అలాంటి సలహాలను ఇక్కడ ఒక్కొక్కటిగా పెడుతున్నాను. ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో కూడా చెబుతాను.

తప్పుడు సలహా 1: “పెద్ద సుత్తి తే అన్నా, రెండు దెబ్బలకు ఊడొస్తది.”

సాంచా చక్రాలు, పుల్లీలు ఎక్కువగా పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము ఎంత బరువు మోపినా ఓర్చుకుంటుంది. లాగుడునూ వంపునూ మాత్రం ఓర్చుకోదు, వంగకుండానే పగులుతుంది. రిమ్ము మీద పడిన దెబ్బ బలం ఆకుల గుండా నడిమి బొడ్డుకు చేరి, అక్కడ సన్నని చీలిక తెస్తుంది. ఆ చీలిక ఆ రోజు కంటికి కనిపించకపోవచ్చు. సాంచా నడుస్తూ నడుస్తూ ఉండగా ఒకనాడు విడిపోతుంది. పగిలితే వెల్డింగ్ చేయిద్దాం అనుకోవద్దు. పోత ఇనుముకు వెల్డింగ్ చేయాలంటే ముందు వేడి చేయాలి, నికెల్ కడ్డీ వాడాలి, నెమ్మదిగా చల్లార్చాలి. వీధి చివరి వెల్డింగ్ షాపులో అదంతా జరగదు.

సుత్తితో నిజంగా పనికొచ్చేది ఒక్కటే, కంపనం. చిన్న సుత్తి తీసుకోండి. మధ్యలో ఇత్తడి ముక్కో గట్టి కర్రో అడ్డం పెట్టి, బొడ్డు చుట్టూ మెల్లగా తట్టండి. ఆ తట్టుడుకు తుప్పు పొర చిట్లి నూనెకు దారి దొరుకుతుంది. అంతకు మించిన పని సుత్తికి అప్పగించకండి.

తప్పుడు సలహా 2: “షాఫ్టు మొన మీద కొట్టు, చక్రం దానంతటదే జారుద్ది.”

ఉక్కు షాఫ్టు మొనను సుత్తితో మోదితే అంచు చితికి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అంటే చక్రం బయటికి రావలసిన దారిలోనే షాఫ్టు లావెక్కుతుంది. అప్పటిదాకా తుప్పు ఒక్కటే పట్టుకుని ఉంది, ఇప్పుడు లోహం కూడా తోడైంది. మోటారు పుల్లీ అయితే నష్టం ఇంకా పెద్దది. షాఫ్టు మీద పడిన ప్రతి దెబ్బా నేరుగా లోపలి బేరింగుకు తగిలి, గోళీలు నడిచే దారిలో గుంటలు పడతాయి. ఆ రోజుకు పుల్లీ ఊడొచ్చినా, కొద్ది రోజులకే మోటారు గోల మొదలుపెడుతుంది.

మొన ఇప్పటికే చితికి ఉంటే ముందు ఆకురాయితో అంచు సరిచేయండి. బొడ్డుకు బయట కనిపించే షాఫ్టు భాగాన్ని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి. చక్రం ఆ భాగం మీదుగానే బయటికి రావాలి కాబట్టి ఈ రుద్దుడుకు ఎంతసేపు పట్టినా నష్టం లేదు.

తప్పుడు సలహా 3: “స్క్రూ తీసేసినం గదా, ఇంకేముంది, లాగేయ్.”

పట్టేసిందనుకున్న చక్రాల్లో కొన్ని అసలు పట్టేసుకోలేదు, వాటిని ఇంకా ఏదో బిగించి ఉంచింది. బొడ్డులో ఒక అలెన్ స్క్రూ తీసినప్పుడు ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. లోపలి స్క్రూ కదలకుండా దాని పైన ఇంకో స్క్రూ బిగించడం పాత ఫిట్టర్ల అలవాటు. బొడ్డుకు అవతలి పక్క రంగు కింద దాగిన స్క్రూ కూడా ఉండొచ్చు.

ఆ తర్వాత చూడాల్సింది కీ, అంటే చక్రమూ షాఫ్టూ కలిసి తిరిగేలా గాడిలో దూర్చిన ఉక్కు ముక్క. సాంచాల్లో తలకాయ ఉన్న వాలు కీలు కనిపిస్తాయి. వాటి మందం ఒక కొస నుంచి ఇంకో కొసకు, సాధారణంగా నూటికి ఒక వంతు చొప్పున తగ్గుతుంది. ఆ కీ బిగిసి ఉండగా చక్రాన్ని సన్నని కొస వైపు లాగితే కీ వదులవుతుంది. లావు కొస వైపు లాగితే మాత్రం మీ చేత్తోనే దాన్ని ఇంకా బిగించినట్టు. కాబట్టి ముందు కీ, తర్వాతే చక్రం. కీ తలకూ బొడ్డుకూ మధ్య సందులో ఉక్కు చీల పెట్టి మెల్లగా కొడితే కీ బయటికి నడుస్తుంది. అవతలి కొస అందితే అటు నుంచి ఇత్తడి కడ్డీతో తట్టండి. తల విరిగేంత బలం మాత్రం వాడొద్దు. తల విరిగిన కీని డ్రిల్లుతో తొలిచి తీయడం ఒక పూట పని.

తప్పుడు సలహా 4: “కిరోసిన్ పోసి వెంటనే లాగు.”

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెట్టింపుకు మించి పెరుగుతుంది. బొడ్డుకూ షాఫ్టుకూ మధ్య వెంట్రుక మందం కూడా లేని సందులో అంత తుప్పు కూరుకుని ఉంటే, నూనె అందులోకి పాకడానికి గంటలు పడుతుంది. పోసిన మరుక్షణం లాగితే నూనె పోసీ ప్రయోజనం లేదు. కిరోసిన్ పలచగా ఉంటుంది, త్వరగా ఆరిపోతుంది కూడా. తుప్పు వదిలించే నూనె అని అమ్మేవి దీనికంటే మెరుగు. చాలామంది వాడే డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలో తేమను తరిమి తుప్పు పట్టకుండా కాపాడడానికి తయారు చేశారు. మొండిగా పట్టేసినవాటికి అది ఒక్కటే చాలదు.

ఉదయం షిఫ్టు మారేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి నూనె వేయండి. బొడ్డుకు రెండు పక్కలా, కీ గాడిలో, స్క్రూ రంధ్రంలో వేయాలి. వేసిన ప్రతిసారీ చిన్న సుత్తితో చుట్టూ తట్టండి. రాత్రంతా నాననివ్వండి. అన్నిటికంటే ముందు బీము మీదా, నేసిన గుడ్డ మీదా ప్లాస్టిక్ షీటు కప్పండి. గుడ్డ మీద నూనె మరక పడితే ఆ కోత చివరికి కార్మికుడి కూలీలోంచే పోతుంది.

తప్పుడు సలహా 5: “గ్యాస్ మంట పెట్టు, ఎర్రబడితే వచ్చేస్తది.”

వేడి మంచి ఆయుధమే, ఎర్రబడేదాకా అవసరం లేదు. 50 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఇనుప బొడ్డు వేడి 100 డిగ్రీలు పెరిగితే ఆ రంధ్రం మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు విచ్చుకుంటుంది. తుప్పు పట్టు సడలడానికి ఆ కాస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది. బొడ్డు వేడెక్కాలి, షాఫ్టు చల్లగా ఉండాలి. రెండూ కలిసి వేడెక్కితే రెండూ కలిసే వ్యాకోచిస్తాయి, పట్టు అలాగే ఉంటుంది. అందుకే బొడ్డుకు చుట్టూ సమానంగా, త్వరగా వేడి తగలాలి. షాఫ్టుకు తడి గుడ్డ చుట్టాలి.

ఖాతాలో బయటి మంట మాత్రం వద్దు. నేల మీద దూది, నూలు పీచు, గోడల మీద నూనె, పక్కనే పాలియెస్టర్ దారం బీములు ఉంటాయి. తుప్పు నూనె కూడా అంటుకునేదే. చాలా ఖాతాలు పై అంతస్తుల్లో, ఇరుకు మెట్ల మీద ఉన్నాయి. వరాఛాకు ఆనుకుని ఉన్న సర్థాణాలో 2019 మే 24న తక్షశిలా ఆర్కేడ్‌లో చెలరేగిన మంట 22 మంది విద్యార్థులను బలి తీసుకుంది. ఆ తర్వాత కూడా నూలు మధ్యలో గ్యాస్ టార్చి వెలిగించమని చెప్పేవాడి మాట వినకూడదు. వేడి గాలి ఊదే హీట్ గన్ తెచ్చుకోండి. అది లేకపోతే మరిగే నీళ్ళలో ముంచిన గోనె ముక్కలను పటకారుతో బొడ్డుకు చుట్టి మార్చి మార్చి వేయండి. మంట తప్పదనిపిస్తే షాఫ్టుతో సహా విప్పి ఆరుబయటికి తీసుకెళ్ళండి.

తప్పుడు సలహా 6: “వేడి మీద చన్నీళ్ళు కొట్టు, టక్కున ఊడుద్ది.”

టక్కుమనే శబ్దం నిజంగానే వస్తుంది, అది బొడ్డు చీలిన శబ్దం. వేడెక్కిన పోత ఇనుము మీద చన్నీళ్ళు పడితే పైపొర ఒక్కసారిగా ముడుచుకుంటుంది. లోపలి పొర ఇంకా వ్యాకోచించే ఉంటుంది. ఆ గుంజులాటను లోహం తట్టుకోలేదు. నీళ్ళు కావాలంటే షాఫ్టుకు చుట్టిన గుడ్డ తడపండి. వేడి బొడ్డు మీద చన్నీళ్ళు ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.

తప్పుడు సలహా 7: “పుల్లర్ కాళ్ళు రిమ్ముకు తగిలించు, పట్టు బాగుంటది.”

పుల్లర్ పట్టు ఎప్పుడూ బొడ్డు వెనకే ఉండాలి. రిమ్మును లాగితే బలం ఆకుల మీద పడుతుంది, మొదటి సలహాలో చెప్పిన పగులే ఇక్కడా వస్తుంది. రెండు కాళ్ళ పుల్లర్ కంటే మూడు కాళ్ళది నయం, అది పక్కకు వాలదు. బొడ్డు వెనక కాళ్ళు దూరే చోటు లేకపోతే రెండు అర్ధచంద్రాకారపు ఉక్కు పలకలు వెనక దూర్చి, పొడవాటి బోల్టులతో ముందున్న పలకకు లాగండి. ఏ లేత్ షాపులోనైనా ఈ పలకలు చేసి పెడతారు.

పుల్లర్ స్క్రూ మొన షాఫ్టు నడిమి గుంటలో సరిగ్గా కూర్చోవాలి. బిగించండి, ఆగండి. లాగుడు అలాగే ఉంచి బొడ్డు చుట్టూ తట్టండి, నూనె వేయండి, మళ్ళీ పావు చుట్టు బిగించండి. పానాకు పైపు తగిలించి బలం పెంచాలనిపించినప్పుడు పని అక్కడ ఆపండి, మళ్ళీ వేడికీ నూనెకూ వెళ్ళండి. బిగిసి ఉన్న పుల్లర్‌కు ఎదురుగా మొహం పెట్టి నిలబడొద్దు. దాని మీద మందపాటి గోనె కప్పండి.

తప్పుడు సలహా 8: “నట్టు పూర్తిగా తీసి పారేయ్, అడ్డం పోతది.”

ఈ మాట ఎక్కువగా వాలు షాఫ్టుల దగ్గర వినిపిస్తుంది. షాఫ్టుల్లో రెండు జాతులున్నాయని గుర్తుంచుకోండి. తిన్నని షాఫ్టు మీద చక్రం అంగుళం అంగుళంగా కదులుతూ వస్తుంది. మొన వైపు సన్నబడిన వాలు షాఫ్టు మీద చక్రం గొడ్డలి కన్నంలో బిగించిన పిడిలా కూర్చుంటుంది. కదలనంత సేపూ కదలదు, పట్టు తప్పిన క్షణం మొత్తంగా ఊడి ఎగురుతుంది.

దీనికి మంచి ఉదాహరణ పాత మోటారు బోటు స్టీరింగ్ చక్రం. బోట్లలో ముప్పావు అంగుళం షాఫ్టు, అడుగుకు ఒక అంగుళం వాలు, అర్ధచంద్రం లాంటి కీ, మొనకు నట్టు ఉండే అమరిక చాలా చోట్ల కనిపిస్తుంది. ఉప్పు నీరు తగిలే చోట అల్యూమినియం బొడ్డు, స్టీలు షాఫ్టు కలిసి ఉంటే రెండు లోహాల మధ్య జరిగే రసాయన చర్యతో అల్యూమినియం తెల్లగా పొడిబారి సందులో గట్టిగా కూరుకుపోతుంది. అక్కడ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని మోకాళ్ళు ఆనించి గుంజేవాళ్ళు ఉంటారు. ఊడి వచ్చిన చక్రం వాళ్ళ మొహానికే తగులుతుంది. పాత చక్రాల కర్ర రిమ్ము, ప్లాస్టిక్ పూత కూడా ఆ గుంజుడుకు పగులుతాయి.

బోటు అయినా, పాత వ్యాను స్టీరింగ్ అయినా, వాలు షాఫ్టు ఉన్న ఏ యంత్రమైనా ఒకటే పద్ధతి. నట్టును మూడు నాలుగు చుట్లు వదులు చేసి మరల మీదే ఉంచండి. చక్రం ఊడినా నట్టుకు తగిలి ఆగుతుంది. మరలు కూడా చితకవు. అది వదిలిందని రూఢి అయ్యాకే నట్టు పూర్తిగా తీయండి.

తప్పుడు సలహా 9: “గుర్తులెందుకు, ఎక్కించేటప్పుడు చూసుకుందాం.”

సాంచాలో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే కింది చక్రానికి పళ్ళు రెట్టింపు ఉంటాయి. నాడె (షటిల్) ఏ క్షణాన దూకాలో, పోగులు ఏ క్షణాన విడివడాలో ఆ పళ్ళ జోడింపు మీదే ఆధారపడి ఉంది. గుర్తు పెట్టకుండా చక్రం తీసి, మళ్ళీ ఎక్కించేటప్పుడు పళ్ళు తప్పితే నాడె అకాలంలో దూకుతుంది. పోగుల మధ్య ఇరుక్కుంటే వందల పోగులు తెగుతాయి. బయటికి ఎగిరితే పక్క సాంచా దగ్గర నిలబడ్డ మనిషి కంటికో కణతకో తగులుతుంది.

తీయక ముందే రెండు చక్రాలు కలిసే పళ్ళ మీద పంచ్‌తో చుక్కలు పెట్టండి. బొడ్డు మీదా షాఫ్టు మీదా ఒకే వరసలో గీత గీయండి. ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఈ పనికి రెండు నిమిషాలు చాలు.

తప్పుడు సలహా 10: “కీ పాడైతే మేకు ముక్క పెట్టు, లేకుంటే వెల్డింగ్ కొట్టెయ్.”

మేకు మెత్తని ఇనుము. సాంచా ప్రతి తోపుకూ అది నలుగుతుంది, గాడి అంచులను తింటుంది, చివరకు షాఫ్టు గాడి కూడా పాడవుతుంది. చక్రాన్ని షాఫ్టుకు వెల్డింగ్ చేస్తే తర్వాత వచ్చే ఫిట్టర్‌కు రెండింటినీ కోసి పారేయడం తప్ప దారి ఉండదు. వెల్డింగ్ కరెంటు బేరింగు గుండా పారితే లోపలి గోళీల మీద కాలిన మచ్చలు పడతాయి.

కీ ఉక్కు కడ్డీ తెచ్చి కొలత ప్రకారం ఆకురాయితో కొత్త కీ చేసుకోండి. గాడి పక్కలకు అది బిగువుగా ఆనాలి. తిన్నని షాఫ్టు అయితే ఎక్కించే ముందు సన్నగా గ్రీజు పూయండి. రేపు దీన్ని తీయబోయే మనిషికి మీరు చేసే పెద్ద మేలు అదే.

అన్నిటికీ ముందు చేయాల్సినది

ఇవి పదీ చెప్పాక, అసలు ప్రమాదకరమైన మాట ఇంకొకటి మిగిలింది: “సాంచా ఆపితే కూలీ పోతది, నడుస్తుండగానే చూద్దాం.” ఈ మాట విని చేతులు పోగొట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఆపండి, ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోండి, బెల్టు దించండి. తిరిగే యంత్రం దగ్గర పనిచేయడానికి శిక్షణ పొందిన మనిషి, ఒంటికి అతుక్కున్న బట్టలు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే రాశారు. లుంగీ, వదులు చొక్కా, మెడలో తువ్వాలుతో చక్రం దగ్గర వంగడం ఏ రోజైనా ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ తప్పుడు సలహాలన్నీ తొందరలోంచే పుడుతున్నాయి. కార్మికుడికి మీటరు లెక్కన కూలీ. సాంచా ఆగిన గంట ఆయనకు కూలీ లేని గంట. పన్నెండు గంటల షిఫ్టులో గంటల తరబడి నూనె నాననివ్వమంటే ఆ నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న వస్తుంది. జవాబు లేనప్పుడు చెయ్యి సుత్తి వైపు వెళుతుంది. చక్రం పగిలితే కొత్తది పోత పోయించి, రంధ్రం తొలిపించి, గాడి కోయించేసరికి సాంచా రోజుల తరబడి ఆగుతుంది. అప్పుడు నష్టపోయేది సాంచాలు నడిపించే ఆసామి, పని ఇచ్చే సేటు, కార్మికుడు ముగ్గురూ.

అందుకే ఖాతా యజమానులకు, ఆసాములకు నా విన్నపం: మరమ్మతుకు సాంచా ఆగిన గంటలకు కార్మికుడికి కూలీ కట్టివ్వండి. ఖాతాలో ఒక మంచి మూడు కాళ్ళ పుల్లర్, ఒక హీట్ గన్, ఒక డబ్బా తుప్పు నూనె ఉంచండి. వాటి ఖర్చు ఒక్క పగిలిన చక్రం తెచ్చే నష్టానికి సరిరాదు. ఫిట్టర్ తమ్ముళ్ళారా, పక్కవాళ్ళు ఎంత తొందరపెట్టినా, చక్రాన్ని ఏది పట్టుకుని ఉందో కళ్ళారా చూసేదాకా దాని మీద చెయ్యి వేయకండి.